తర్వాత వచ్చే మేస్త్రీకి

టెంటర్ వీధి, పదిహేడో నంబరు ఇల్లు, స్టాక్‌పోర్ట్.
పొగగొట్టం పక్కన ఒక ఇటుక తీసి
ఈ కాగితం లోపల పెట్టి మూస్తున్నాను.
నువ్వు చదివేసరికి నేనుండను. ఈ వానుంటుంది.

ముందుగా ఒక మాట: గోడ ఏడిస్తే గోడని కొట్టకు,
పైకి చూడు.
ఈ ఇంటి మిసెస్ థ్రెల్‌ఫాల్
పడగ్గది మూలన నల్లబూజుని మూడేళ్ళు బ్లీచుతో తుడిచింది,
రెండుసార్లు రంగు వేయించింది.
నేను నిచ్చెనెక్కి చూస్తే
వాననీటి గొట్టం మూతిలో ఒక టెన్నిస్ బంతి,
నాచుపట్టి, ఏదో పిట్ట వదిలేసిపోయిన గుడ్డులాగా.
దానికి డబ్బు తీసుకోలేదు. టీ తాగాను.

గోడ వారన ఎవరో పూలమొక్కలకని మట్టి ఎత్తు చేశారు.
నేల తడి పైకెక్కకుండా పాతవాళ్ళు పరిచిన పలకల వరస
దాని కింద పడి ఊపిరాడక ఉంది.
జానెడు లోతు తవ్వి పారబోశాను.
నువ్వొచ్చేసరికి మళ్ళీ ఎవరో పోసుంటారు. మళ్ళీ తవ్వు.

కప్పు మీద జారినవి పదకొండు పలకలు.
పలక చెడదు, మేకు చెడుతుంది.
సీసం పట్టీ కొక్కెంలా వంచి పాత పలకనే నిలబెట్టు.
ఒకదాని అడుగున ఎవరో మేకుతో గీసిన కూడిక ఉంది:
నలభయ్యేడూ ముప్ఫయ్యారూ ఎనభై రెండట.
దిద్దలేదు. అలాగే బోర్లించాను.

ఇక గోడ.
ఇది చేత్తో అచ్చుపోసిన ఇటుక, మెత్తన.
మెత్తని ఇటుకకి అంతకన్నా మెత్తని సున్నం కావాలి.
లోపలి చెమ్మ దర్జులోంచి బయటపడాలి,
మంచు కొరికితే దర్జు రాలాలి.
దర్జు మళ్ళీ పూస్తాం. ఇటుకని మళ్ళీ ఎవరు కాలుస్తారు?

ఎవడో సిమెంటు పూశాడు.
దారి మూసుకుపోయిన తడి
ఇటుక మొహాన్నే నెట్టుకుని బయటికొచ్చింది.
గోరు తగిలితే చాలు, పెచ్చులు.
తిట్టుకుంటూ చెక్కాను, ఉలితో, చిన్న సుత్తితో.
(మిషను పెట్టకు. అంచులు తెగుతాయి.)
మూడో రోజు చెయ్యి ఆగిపోయింది.
ప్రతి నిలువు దర్జూ కింద కొసన కాస్త ఎడమకి ఒరిగింది.
డెబ్భై నాలుగు వేసవిలో
మా నాన్న సిరిల్ ఈ వీధి పొడుగునా పూశాడు, ఎడమచేత్తో.
రాత్రి అన్నం దగ్గర కూర్చుని అమ్మతో అన్నాడు,
"వందేళ్ళు కదలదు" అని.
కదల్లేదు. అదే చిక్కు.

అప్పుడందరూ అదే పూసేవాళ్ళు,
బస్తా మీద అలాగే రాసుండేది.
చెక్కినంతసేపూ ఆయనతో పోట్లాడాను,
చాలాచోట్ల గెలిచాను.
పొగగొట్టం కింద మూడు వరసలు మాత్రం ఆయనవే ఉంచాను.
ప్రేమ అనుకునేవు,
లాగితే ఇటుక కూడా ఊడొస్తోంది, అందుకు.
నువ్వూ ముట్టుకోకు.

సున్నం ఒక పాలు, గరుకిసక మూడు, నీళ్ళు పిసినారిగా.
దర్జు వెడల్పుకి రెండింతల లోతు తవ్వి,
గోడని తడిపి, కూరు. రుద్దకు, కూరు.
తడి గోనె కప్పు. అక్టోబరు దాటాక మొదలెట్టకు.
తాపీపని తాపీగానే చెయ్యాలి.
తొందరపెడితే సున్నం ఎండుతుంది గానీ
గట్టిపడదు.

"చెమ్మ ఎప్పుడు పోతుంది?" అని అడిగింది మిసెస్ థ్రెల్‌ఫాల్.
అంగుళానికి నెల, అన్నాను. గోడ తొమ్మిదంగుళాలు.
"బిడ్డని కన్నంతసేపా!" అని
తడిబట్టలు ఆరేసిన గది కిటికీ
విసురుగా తెరిచింది. అదీ మందే.

నా దర్జులు చూసుంటావు. అవీ ఎడమకే ఒరుగుతాయి.
ఎక్కడ తప్పుపట్టావో నాకు తెలియదు,
పట్టే ఉంటావు. తిట్టుకుంటూ చెక్కు, పర్వాలేదు.
ఇటుక మాత్రం జాగ్రత్త.

చినుకు మొదలైంది. గోనె కప్పాలి.
గ్లెనిస్ ఓగ్డెన్.